లక్ష్మమ్మ ఊపిరి

ఈ రోజు కూడా తెల్లవారి ఐదుంబావుకు గుడి మైకు మోగింది. పాలు పొయ్యి మీద పెట్టి, రెండో చరణం కోసం ఎదురుచూశాను. మా వీధి లక్ష్మమ్మ పాడిన భజన అది. ఆమె ఊపిరి తీసుకోవలసిన చోట ఊపిరి లేదు.

ఆ పాటను నౌబాద్‌లో తన గదిలో రికార్డు చేసినవాడు మాణిక్ అన్న. ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, గోడలకు కొట్టిన పాత బొంతలు, అదే ఆయన స్టూడియో. ఎడిటింగ్ అక్కడే నేర్చుకుని అక్కడే పనిచేశాను. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు. నేను నమ్ముతాను. రోజూ కంప్యూటరు పక్కన ఊదుబత్తి వెలిగించేదాన్ని.

"బూడిద కీబోర్డుల పడకుంట చూడమ్మా. నీ దేవుడు రిపేరు చెయ్యడు" అనేవాడు. ఆర్పమని మాత్రం ఎన్నడూ అనలేదు.

లక్ష్మమ్మ సొంతూరు మన్నళ్ళి. కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆమెకు ఉబ్బసం. పాట రికార్డయ్యాక, మధ్యలో వినిపించే ఆయాసాన్ని నేను ముక్క ముక్కగా కత్తిరించడం మొదలుపెట్టాను. అందరూ చేసే పనే. మాణిక్ అన్న మౌస్ లాక్కున్నాడు.

"ముసలామె గుడి మెట్లెక్కినట్టు పాడ్తాంది. నువ్వు లిఫ్టుల కూసోబెడ్తవా?"

తాళాన్ని కూడా కంప్యూటరు లెక్కకు వదలకుండా ఆమె చప్పట్లకే కట్టాడు. ఆమె నెమ్మదించిన చోటల్లా ఒక్కో దెబ్బనూ చేత్తో వెనక్కి జరిపాడు. నాకు విసుగొచ్చింది.

"దేవుడే లేడంటవు. మరి ఇంత తిప్పలెందుకన్నా?"

"దేవుడు లేడు. లక్ష్మమ్మ ఉన్నది గద."

ఆయన చనిపోయిన కొన్ని నెలలకు, ఒక ఉదయం గుడి మైకులో రోజూ వచ్చే ఆ పాట మారింది. ఊపిరి లేదు, తాళం గీత గీసినట్టు ఉంది, పైన గంటలు. నేరుగా గుడికి వెళ్ళి అడిగాను. కమిటీ పెద్దాయన దాచలేదు.

"పాట మంచిదేనమ్మా. గని మొక్కనోడు చేసిండు. హైదరాబాద్‌ల ఇచ్చి సాఫ్ చేయించినం."

"ఇన్నొద్దులు పెట్టిండ్రు గద?"

"అప్పుడు మనిషి ఉండె. మొహమాటం ఉండె."

కోపంగా బయటికొచ్చాను. మాణిక్ అన్న నాస్తికత్వం ఆ పాటలో ఎక్కడుంది? ఊపిరి అందకపోయినా మొక్కు ఆపని ఒక ముసలామె ఉంది అందులో. మైల అనుకుని వీళ్ళు కడిగేసింది ఆమెను. నమ్మనివాడు ఆమె భక్తిని అంత జాగ్రత్తగా పట్టుకుంటే, నమ్మేవాళ్ళు చెరిపేశారు. నేనూ నమ్మేదాన్నే కనుక నాకది మరీ అవమానం.

రోజూ మైకుతో గొంతు కలిపే లక్ష్మమ్మ ఆ ఉదయం గుడి మెట్టు మీద ఊరికే కూర్చుని ఉంది.

"గిది నేనేనా బిడ్డా? గింత దమ్ము నాకేడిది?"

ఫోనులో ఉన్న పాత పాట ఆమె చెవి దగ్గర పెట్టాను. తన ఊపిరి విని నవ్వింది. అంతలోనే మైకు వైపు చూసింది.

"దేవునికి గదే నచ్చిందంట. ఇగ నేనెందుకు?"

నేను చేసే ఏ పాటలోనూ ఇప్పటికీ ఊపిరి కత్తిరించను. సాఫ్‌గా లేదని పాట చేయించుకునేవాళ్ళు కొందరు వేరేచోటికి పోతారు. పోనీ. ఆ రోజు నుంచి లక్ష్మమ్మ గుడిలో పాడడం లేదు.