గ్రిల్లు దింపమన్న మాట

గ్రిల్లు దింపేయమని ఆయన నాతో చెప్పారు. ఓనరు గారు అడిగిన రోజున నేను ఈ ఒక్క మాట చెప్పలేదు. మా లారీ ఆఫీసుల్లో ఇప్పటికీ నడుస్తున్న కథ వేరు కాబట్టి, జరిగింది రాస్తున్నాను.

అంబాజీపేట నుంచి మహారాష్ట్రకు కొబ్బరికాయలు తోలే లారీలో ఆయన మొదటి డ్రైవరు, నేను రెండో డ్రైవరుని. బాబాయ్ గారని పిలిచేవాణ్ణి. దిండి రిసార్టులో వంటవాళ్లు పక్కన పడేసిన చిన్న గ్యాస్ గ్రిల్లు ఒకటి ఆయన అడిగి తెచ్చుకున్నారు. దానికో పొట్టి సిలిండరు. కుదుపులకు మోగకుండా రెండిటినీ గోనెసంచిలో చుట్టి, సీటు వెనక కొబ్బరితాడుతో కట్టేవాళ్లం. దాబా తిండి ఆయనకు పడదు. ఎండ దిగే వేళ రోడ్డు పక్కన బండి ఆపి, గాలి తగలకుండా వెనక చక్రం చాటున గ్రిల్లు పెడితే, ఉప్పూకారం పట్టించిన చేపముక్కలు కాల్చడం నా పని. ఎంతసేపూ అదే నా పని. స్టీరింగు ఖాళీ రోడ్డు మీద ఇచ్చినా, ఊరు కనబడగానే లాక్కునేవారు.

ఒకసారి యార్డుకి మా బావమరిది వచ్చాడు. నేను లారీ డ్రైవరునని అత్తారింట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆయన అతణ్ణి కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ మొదలెట్టారు.

"మీ బావగారు బండేం తోల్తారండీ బాబూ! గరిట తోల్తారు. మొన్న ఘాటు రోడ్డులో గేరు మార్చమంటే చేప తిరగేసేరు!"

హమాలీలు పడీపడీ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. ఆ సాయంత్రానికి అత్తారింట్లో నా పేరు 'గరిట డ్రైవరు'.

ఆయన్ని ఆ సీటులోంచి దింపి తీరాలని అప్పుడే అనుకున్నాను. చేపలు కాల్చినంతసేపూ అదే ఆలోచన. అనుమానం రాకుండా, బాగా కాలిన ముక్కలే ఏరి ఆయన కంచంలో వేసేవాణ్ణి.

ఆ ఏడు కాయల రేటు పడిపోయి, పరుపుల కంపెనీకి కొబ్బరి పీచు లోడు దొరికింది. ఎండుపీచుకి నిప్పురవ్వ చాలు. పీచు ఎత్తితే బండిలో గ్యాసు ఉండకూడదని ఓనరు గారు గట్టిగా చెప్పారు. ఆదివారం లోడింగు. బాబాయ్ గారు చర్చికి వెళ్తూ, "ఒరే గరిటా, గ్రిల్లూ సిలిండరూ దింపేసి మా ఇంట్లో పడేసి రా. పీచుతో ఆటలొద్దు" అన్నారు.

"ఆయ్, అలాగే బాబాయ్ గారూ" అన్నాను. దింపలేదు. గోనెసంచి కనబడేలా కొంచెం ముందుకు కూడా జరిపాను. లోడైన బండిని ఓనరు గారు చూసుకోకుండా పంపరు.

వచ్చారు. చూశారు. ముఖం మారింది.

"ఇదేంటయ్యా? పీచు మీద కూడా వండుతున్నాడా ఈయన?"

"ఆయ్."

మావైపు ఈ మాటకు రెండు అర్థాలు. అవునని ఒకటి, చెప్పండి వింటున్నానని ఇంకొకటి. పెద్దవాళ్లు తిడుతున్నా మధ్యలో ఆయ్, ఆయ్ అంటూనే ఉంటాం. నేను అన్నది రెండోదేనని తర్వాత మా ఆవిడతో వాదించాను. "మీరు ఏ ఆయ్ అన్నారో మీకు తెలీదేంటండీ?" అంది. తెలుసు.

ఆయన తెల్లచొక్కాతో చర్చి నుంచి వచ్చేసరికి, ఓనరు గారు ఇచ్చిన బండి తాళాలు నా చేతిలో ఉన్నాయి.

"దింపేయమని వీడికి చెప్పి మరీ వెళ్లేనండి. ఏరా, చెప్పేనా లేదా?"

అందరూ నావైపు చూశారు. నేను టార్పాలిన్ తాడు బిగిస్తూ ఉండిపోయాను.

"చెప్తే ఎందుకు దింపడయ్యా?" అన్నారు ఓనరు గారు.

ఆయన సీటులో నేను కూర్చుని రావులపాలెం వంతెన దాటుతుంటే నాకు కడుపు నిండా భోంచేసినట్టుంది. ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడు రాయను.

పీచు లోడులో పొయ్యి పెట్టే మనిషని పేరు పడ్డాక ఆయనకు ఎవరూ దూరపు బండి ఇవ్వలేదు. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులకు మేత చేర్చే చిన్న వ్యాను తోలుతున్నారని తెలిసింది. విన్న ప్రతిసారీ, బాగా అయింది అనుకున్నాను.

ఈ మధ్య అక్కడి గోడౌనుకే మేత లోడు తీసుకెళ్లాను. ఆయన వ్యాను వచ్చి ఆగింది.

"గ్రిల్లు బాబాయ్ వచ్చేరు, అగ్గిపెట్టెలు దాచేయండ్రోయ్!" అని ఒక హమాలీ అరిచాడు. అందరూ నవ్వారు. నలుగుర్నీ నవ్వించడమే తెలిసిన ఆ మనిషి, గబగబా రెండు జేబులూ బయటికి లాగి, "ఏం లేదండీ, చూస్కోండి" అన్నారు. వాళ్లు సరదాకే అన్నారు. ఆయన నిజంగానే చూపించారు.

ఇన్నేళ్లూ నేను కోరుకున్నది సరిగ్గా అదే. చూశాక మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. పక్కకు పిలిచి చెబితే చాలదనిపించి, హమాలీలందరూ వింటుండగా ఆయన ముందుకెళ్లాను.

"బాబాయ్ గారూ, మా బావమరిది ముందు గరిట అన్నందుకు మీ మీద కోపం నాకింకా పోలేదండి. కానీ ఆ రోజు గ్రిల్లు దింపేయమని మీరు చెప్పేరు. నేను కావాలనే దింపలేదు. పీచు లోడు మీద మీరెప్పుడూ పొయ్యి వెలిగించలేదు. ఈ మాట ఓనరు గారి దగ్గరికొచ్చి కూడా చెప్తాను. నన్ను క్షమించండి."