కింది పేరు

"...ఉన్నది ఒకటే ఓటు లొరెట్టా గారూ, ఇద్దరికీ కలిపే పడుతుంది! పై పేరు కావాలి, కింది పేరు వద్దంటే ఎలాగండీ?" అంటున్నాడు పార్టీ ఆఫీసులో క్రెయిగ్.

లొరెట్టా ప్రతి అధ్యక్ష ఎన్నికకూ ఇల్లిల్లూ తిరుగుతుంది. బెల్లు నొక్కదు, వేలి కణుపులతో తలుపు తట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతుంది. కోటు జేబులో కుక్కల కోసం బిస్కెట్లు ఉంటాయి. ఈసారి అధ్యక్ష అభ్యర్థి పేరు కింద, ఉపాధ్యక్ష పదవికి పార్టీ ఎంచుకున్న హాలిస్టర్ గవర్నరుగా ఉన్నప్పుడే ఊళ్ళో కాగితం మిల్లు మూతపడింది. ఆదుకోమని వెళ్ళిన కార్మికులను, ఆమె భర్తతో సహా, గేటు బయటే నిలబెట్టి పంపించాడు.

"ఆయన పేరు వింటే కుర్రకారు ఊగిపోతున్నారండీ."

"ఊగనీ నాయనా. ఇక్కడ తలుపు తీసేది వాళ్ళ నాన్నలు."

ఆమె కరపత్రాల కట్ట చంకన పెట్టుకుంది.

"పై పేరుకే ఓటడుగుతాను. కింది పేరు ఎవరైనా ఎత్తితే మిల్లు సంగతి చెబుతాను," అంది.