ల్యాబులో పెట్టిన తరవాణి

సూక్ష్మజీవులుండే ల్యాబులో పనిచేశాను గాని, ఏ సూక్ష్మజీవీ చెయ్యలేనంత నష్టం ఒక్క గరిటెతో నేనే చేశాను. చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు మాత్రం నవ్వినవాళ్లు లేరు.

విజయనగరంలో ఒక కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని డబ్బాల మీద పేర్లు చదవగలిగానని నన్ను రసాలు కాచే గదికి మార్చారు. సూక్ష్మజీవులకు వంటగది అన్నమాట. పొడి కొలిచి నీళ్లలో కలిపి, సీసాల్లో పోసి, మూతికి దూది బిరడా పెట్టి, ఆటోక్లేవ్ అనే పెద్ద కుక్కర్లో ఉడికించాలి. ఈ మాత్రం దానికి చదువెందుకని నా ధీమా. చీపురు వదిలిన చేతికి పొగరు తొందరగా వస్తుంది.

అక్కడ సుజాత మేడం అని ఒక చిన్నపిల్ల పరిశోధన చేసేది. జబ్బు చేసిన దూడ ఊపిరితిత్తుల్లోంచి తీసిన క్రిమిని పెంచాలి. అది పెరిగితేనే ఆమె చదువు గట్టెక్కుతుంది. ఆ క్రిమికేమో కొత్తల్లుడి బెట్టు. వేడి ఎక్కువైతే అలక, ఉప్పు తక్కువైతే అలక. చల్లార్చిన రసంలో నెత్తుటి మీద తేరిన తేట కలిపితే గాని మూతి పెట్టదు. అంతా చేసినా రసం అద్దంలా తేటగానే ఉండేది. క్రిమి పెరిగితే రసం మసకబారాలట. మసకబారింది మేడం మొహమే.

నాకు జాలేసింది. జాలి వెనకాలే తెలివి పుట్టింది.

మా ఇంట్లో తరవాణి కుండ ఉంది. గంజి, మిగిలిన అన్నం పోసి పులియబెడతాం. వేసవిలో ఆ పుల్లటి నీళ్లు తాగే పొలానికి వెళతాం. ఆ కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యం. అడుగున కాస్త పాతది ఉంటేనే కొత్తది పులుస్తుంది. ఈ చదువుకున్నవాళ్లు చూస్తే ప్రతిసారీ సీసాలు కడిగి, ఉడికించి, బొత్తిగా కొత్త రసం పోస్తున్నారు. తల్లి లేని కుండలో పిల్ల ఎలా బతుకుతుంది?

అందుకని ఈసారి రసం చల్లారాక, బీరువా మూల మూత లేకుండా పడున్న పాత రసాన్ని గరిటెతో సీసా సీసాకూ కాస్త పోసి, మళ్లీ దూది పెట్టేశాను. తర్వాత మేడం వచ్చి నెత్తుటి తేట కలిపి, క్రిమిని వేసింది. ఒక సీసాలో మాత్రం క్రిమిని వెయ్యలేదు. ఎప్పుడూ అంతే. ఎందుకని నేను అడగలేదు. అన్నీ తెలిసినదానికి అడగడం నామోషీ కదండీ.

మర్నాటికి సీసాలన్నీ కడుగునీళ్లలా చిక్కబడ్డాయి. మేడం నన్ను కౌగిలించుకున్నంత పని చేసింది. పక్క గదులవాళ్లు చూడ్డానికి వచ్చారు. రోజులు పట్టే పని ఇంత తొందరగా ఎలా అయిందని అందులో ఒకాయన నసిగాడు. నేను నోరు మూసుకుంటే పోయేది.

"నా సెయ్యి అలాటిది బాబూ," అన్నాను. "మేడం ఏటీ ఎయ్యని సీసా ఉన్నాది సూడండి, దాన్లో కూడా మొలిసింది."

మేడం ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, మెల్లగా దించింది.

"పిన్నీ, ఏటి కలిపావు?"

తరవాణి సంగతితో సహా చెప్పాను. విత్తనం వెయ్యని మడిలో మొలిచేది కలుపేనని, అది తెలుసుకోవడానికే ఆ సీసాను అలా వదిలేస్తామని ఆమె చెప్పింది. అంటే కొత్తల్లుడికి వేసిన విస్తరి దగ్గర ఊరూ పేరూ లేనివాళ్లంతా కూర్చుని తినేశారు. అసలు క్రిమి ఇక ఫ్రిజ్‌లో ఒక్క గొట్టంలోనే మిగిలింది. అది కూడా పోతే ఆమె చదువు మళ్లీ మొదటికే.

నా కళ్ల ముందు చీపురు ఊగింది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మళ్లీ నువ్వే రసం కాయి. పాతది సుక్క మిగిలినా ఈ గదిలో నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

సీసాల గొంతులు అరిగేలా తోమాను. పొడీ ఉప్పూ కంటి అంచనాతో కాక తూచి కలిపి, ఉడికించాను. ఫ్రిజ్‌లోని క్రిమిని మేడం వేసింది. ఈసారి క్రిమిని వెయ్యని సీసా తేటగా నిలిచింది. మిగతావాటిలో కొన్నాళ్లకు పొగమంచు లాంటి పలచటి మసక కనిపించింది. అల్లుడు ముద్ద ముట్టాడు. మేడం ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చీపురు తప్పినందుకు.

అదే ఊపులో ఇంటికి వెళ్లి, మా తరవాణి కుండను కూడా తోమి, సలసల కాగే నీళ్లు పోసి, ఎండలో బోర్లించాను. మా అత్త చూసింది.

"ఏటే ఇది? మా అత్త కాలం నుండీ ఒక్క పాలి ఎండనేదు ఈ కుండ."

సూక్ష్మజీవులు పోవాలని చేశానన్నాను.

"పోనాయి గదా. ఇప్పుడెల్లి మీ మేడాన్నడిగి ఓ గరిటెడు అట్టుకురా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటి విద్యతో రచ్చలో ఓడి, రచ్చ విద్యతో ఇంట్లో ఓడాను. కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కుండ కడిగినా, ఏ కుండ కడగకపోయినా, ముందు అడిగే చేస్తాను. పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న తరవాణి సాక్షిగా ఒట్టు.