సున్నా వచ్చిన సంబరం

ఇంట్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. పట్టా ఇంకా రాలేదు, వెక్కిరింపు మాత్రం ముందే వచ్చింది. కాలేజీలో గణాంకశాస్త్రం పాఠం చెప్పడం అయిపోగానే పరిశోధన అంటూ లైబ్రరీకొచ్చి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. వాళ్లమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ తొక్కి ఆమెను చదివించింది. ఇప్పుడా తల్లి మణికట్టు కత్తెర పట్టనివ్వడం లేదు. డాక్టరమ్మ పరిశోధనాంశం కూడా అదే, ఇంట్లో బట్టలు కుట్టేవాళ్ల చేతినొప్పి.

రేపు పరిశోధన కమిటీ ముందు నిలబడి, ఈ విషయం మీద ఇంతవరకూ ఎవరూ పని చేయలేదని చెప్పాలి. ఎవరైనా చేసి ఉంటే రెండేళ్ల కష్టం నీళ్లపాలే. అందుకే పరిశోధన వ్యాసాల డేటాబేసులో తన శీర్షిక మొత్తాన్నీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతోంది. సున్నా ఫలితాలు. హమ్మయ్య అనుకుంటుంది. అయినా కుదురుగా కూర్చోలేదు. లేస్తుంది, మంచినీళ్లు తాగొస్తుంది, మళ్లీ అదే వెతుకుతుంది. సున్నా ఎక్కడికీ పోదు, ఆమె భయమూ పోదు.

చూసి చూసి లైబ్రేరియనే ఆమె దగ్గరికొచ్చింది.

"అంత పొడుగు వాక్యం కొటేషన్లలో పెడితే ఎలాగండీ? అచ్చం అవే మాటలు అదే వరసలో ఉంటే తప్ప దొరకదు."

"దొరక్కపోతేనే మంచిది కదా మేడమ్," అని నోరు జారింది డాక్టరమ్మ.

లైబ్రేరియన్ నవ్వలేదు. ఆ వాక్యాన్ని ముక్కలు చేయించింది. పని ఒకటి, అవయవం ఒకటి, బాధ ఒకటి. ఒక్కో ముక్కకీ ఉన్న వేరే పేర్లన్నీ, ఏ ఒక్కటి ఉన్నా చాలని 'ఆర్'తో కలిపించి, మూడూ ఉండాలని ముక్కల మధ్య 'అండ్' పెట్టించింది. కుట్టుపని అని రాసినవాళ్లూ, దుస్తుల తయారీ అని రాసినవాళ్లూ అందరి వ్యాసాలూ రావాలంది.

డాక్టరమ్మ బటన్ నొక్కింది. తెర నిండా వ్యాసాలు. అందులో ఒకటి అచ్చుగుద్దినట్టు ఆమె అంశమే. ఎవరో ఎప్పుడో చేసేశారు. వరండాలోకి వెళ్లి, ఏడుపు దిగమింగుకుంటూ అమ్మకి ఫోన్ చేసింది.

"అంతా అయిపోయిందమ్మా. నీ చేతినొప్పి గురించి ఎవరో ముందే రాసేశారు."

"అవునా!" అమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఎంత చల్లని కబురు చెప్పావే తల్లీ! తగ్గాలంటే ఏం చెయ్యాలన్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడా ఉండకూడదనే డాక్టరమ్మ ఇన్నాళ్లూ కోరుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇంకా చదవలేదమ్మా," అంది లోపలికి నడుస్తూ. "ఫోన్ పెట్టెయ్యకు, ఇప్పుడే చదివి చెప్తాను."