ఒక గది తక్కువ

ఈశ్వరన్ నా అంగడికి మొదటిసారి వచ్చినప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. ఇప్పుడు యాభై అయిదు. గాంధీపురంలో బస్టాండు వెనక సందులో నాది పెయింట్ అంగడి. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నా దగ్గర డబ్బాలు మోసుకెళ్లిన పెయింటర్లు వందమందికి తక్కువుండరు. వాళ్లలో రంగు తెలిసినవాడు ఈశ్వరన్ ఒక్కడే. మిగతావాళ్లకు కుంచె పట్టుకోవడం తెలుసు, అంతే. ఈ మాట వాళ్ల ముఖం మీదే చెబుతాను కాబట్టి ఇక్కడ రాయడానికి భయం లేదు.

ఈశ్వరన్ నాయన సున్నం కొట్టేవాడు. సున్నంలో నీలిమందు ఎంత కలిపితే గోడ తెల్లగా కనిపిస్తుందో, ఎంత ఎక్కువైతే నీలంగా తిరుగుతుందో ఈశ్వరన్ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్య ఆరాయి కూడా పనిలోకి దిగింది. ఉప్పుకాగితంతో గోడను నున్నగా రుద్దడంలో ఆమె తరవాతే ఎవరైనా. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు, మా ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. బడిలో ఇద్దరం చదివింది అరవం. పోలిక అంతవరకే. మావాళ్లకు భూములుండేవి, వాళ్లవాళ్లు ఆ భూముల్లో పని చేసేవాళ్లు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఎవరూ మరిచిపోరు కూడా.

అరవ లెక్కలో పోయిన మాసి నెలలో, మావాళ్లలోనే రాజమ్మాళ్ గారింటికి రంగు పని వచ్చింది. అవినాశికి పోయే దారిలో, తోటల మధ్య ఉన్న పాత ఇల్లు వాళ్లది. ఆమెకు ఎనభై ఏళ్లు. మనవడు సతీష్‌కుమార్‌కు మోటార్ పంపుల వర్క్‌షాప్ ఉంది. అతని చెల్లెలు కృత్తికకు పెళ్లి నిశ్చయం ఆ ఇంట్లోనే జరగాలి. ఇల్లు చూస్తేనేమో ఎప్పటిదో పచ్చరంగు, పెచ్చులు లేచిపోయి ఉంది.

రంగు ఎంచింది సతీష్‌కుమార్ భార్య నివేదిత. ఫోనులో బొమ్మ చూపించి "వార్మ్ బేజ్" అంది. రాజమ్మాళ్ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది సందనం కలరు గదమ్మా, దీనికి అంత పేరేంది?" అంది. ఈశ్వరన్, "టీలో పాలు ఎక్కువైతే వచ్చే కలరు" అన్నాడు. ముగ్గురూ చెప్పింది ఒకే రంగు.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో నేలంతా ఎర్రటి ఆక్సైడ్ గచ్చు. "అమ్మిణీ, ఈ నేల ఎరుపు గోడమీద పడతాది. ఫోనులో ఉండే కలరు అట్లే వేస్తే సాయింత్రానికి గోడ రోజాపూ మాదిరి అయిపోతాది" అన్నాడు ఈశ్వరన్. నా దగ్గరికొచ్చి రంగులు కలిపే మెషీను పక్కన నిలబడి ఎరుపు తగ్గించమన్నాడు, పసుపు ఒక చుక్క పెంచమన్నాడు. మూడు గోడల మీద జానెడు జానెడు మేర పూసి, పొద్దున చూశాడు, మిట్టమధ్యాహ్నం చూశాడు, ట్యూబులైటు వేసి చూశాడు. మూడోసారి కలిపింది కుదిరింది. పన్నెండు రోజుల్లో ఇల్లు ఇల్లంతా వెచ్చగా, నిండుగా తయారైంది.

ఇల్లంతా అన్నాను గానీ, ఒక గది తప్ప. మావాళ్ల పాత ఇళ్లలో సామి గదికి ఇంటివాళ్లే రంగు వేసుకుంటారు. ఆచారం అంటారు. ఎవరిని బయట నిలబెట్టడానికి ఆ ఆచారమో అందరికీ తెలుసు. అలాంటి ఇళ్లలో ఈశ్వరన్ పని ముగించాక ఒక చిన్న డబ్బా తీసుకెళ్లి సామి గది గడప ముందు పెడతాడు. మూత తెరిచి, కలిపే పుల్ల అందులోనే ఉంచి, ఏమీ అనకుండా వచ్చేస్తాడు. అతను రంగు వేసిన ఇళ్లు ఎన్నున్నా, ఆ ఇళ్లలో ఒక గది తక్కువే.

ఈసారి సామి గదికి సతీష్‌కుమార్ లుంగీ ఎగ్గట్టి రంగు వేశాడు. నాలుగో రోజుకి ఒక గోడ మీద రంగు అప్పళంలా పొంగి ఊడిపోయింది. గీకి మళ్లీ వేశాడు. మళ్లీ పొంగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, డబ్బా మంచిది కాదన్నాడు.

రాజమ్మాళ్ డబ్బాను ఏమీ అనలేదు. "సామికి ఈ కలరు ఇష్టం లేదు" అని తేల్చేసింది. ఇల్లంతా మళ్లీ పాత పచ్చే వేయాలి, లేదంటే నిశ్చయం వాయిదా వేయాలి. నిశ్చయానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. కృత్తిక ఏడుపు మొదలుపెట్టింది. నివేదిత నాకు ఫోను చేసి, "మీ పెయింటే ఇట్ల చేసింది, వచ్చి చూడండి" అంది.

నిజంగా మునిగేది ఈశ్వరన్ ఒక్కడే. పన్నెండు రోజుల పని చెడిపోవడం ఒక ఎత్తు. ఈశ్వరన్ కలిపిన రంగును సామి వద్దన్నాడన్న మాట ఒక్కసారి బయటికి పోతే, మా చుట్టాల్లో ఏ గడపా అతన్ని మళ్లీ పిలవదు. గోరంతను కొండంత చేయడంలో మావాళ్లకు సాటి లేదు.

నేను వెళ్లేసరికి రాజమ్మాళ్ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఈశ్వరన్, ఆరాయి వాకిలి పక్కన నిలబడి ఉన్నారు. నివేదిత నన్ను పక్కకు పిలిచి ముందురోజు సంగతి చెప్పింది. "రేపు అవ్వ అవినాశి కోవెలకు పోతాది, అప్పుడు లోపలికి వచ్చి చూడన్నా" అని ఆమె ఈశ్వరన్‌ను అడిగిందట. "దొంగ మాదిరి నేను రాను అమ్మిణీ. అమ్మ ఇంట్లో ఉండంగా, అమ్మ పిలిస్తే వస్తాను" అన్నాడట అతను. ఆ మాట రాజమ్మాళ్ చెవినీ పడింది. ఆమె అవినాశి ప్రయాణం మానుకుంది.

పెయింట్ నాది కాబట్టి గోడ చూడమన్నారు. నేను సామి గదిలోకి వెళ్లాను. పొంగిన గోడ గుమ్మం పక్కదే, హాల్లో నుంచి కనిపించదు. ఈశ్వరన్ బయటి నుంచే అడగడం మొదలుపెట్టాడు.

"అన్నా, చెయ్యి తిప్పి, వెనక పక్కను గోడకు ఆనించండి. సల్లగా ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

"కింద ఎక్కువా, పైన ఎక్కువా?"

"అంతా ఒకే మాదిరి ఉంది."

"తట్టండి. సద్దు ఎట్ల వస్తాది?"

"గోడ సద్దే వస్తాది."

ఆరాయి పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. నేను బయటికి వచ్చేశాను.

"అమ్మా, అన్న డబ్బాలు అమ్మేవారు. గోడ సంగతి ఆయనకు తెలవదు" అన్నాడు ఈశ్వరన్. "సామికి ఏ కలరు ఇష్టమో నాకు తెలవదు. గోడకు ఏమొచ్చిందో తాకితే తెలుస్తాది. మీరు రమ్మంటే వస్తాను. వద్దంటే ఈ దినమే పచ్చ వేసేకి మొదలు పెడతాను."

"రండన్నా" అంది నివేదిత. అతను కదలలేదు. రాజమ్మాళ్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో పావుగంట పోయింది.

"కాళ్లు కడుక్కుని రా, ఈశ్వరా" అంది చివరికి.

నేను కాళ్లు కడుక్కోకుండానే లోపలికి వెళ్లొచ్చాను. నన్నెవరూ అడగలేదు. ఈశ్వరన్ కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చి, గడప దాటాడు.

చేయి ఆనించాడు. మోకాలి ఎత్తున ఒకచోట తట్టాడు, పక్కకు జరిగి మళ్లీ తట్టాడు. రాలిన పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"అమ్మా, ఈ గోడకు అవతల ఏముంది?"

నివేదిత అవ్వ వైపు ఒకసారి చూసింది. "అవ్వ బాత్రూము."

అవ్వ పెరట్లోకి నడవలేకపోతోందని, నాలుగేళ్ల కిందట ఆమె గదిని ఆనుకుని సతీష్‌కుమార్ కట్టించింది. గోడలో పైపు కారుతోంది. మొదట్లో కొంచెం కొంచెం, ఇప్పుడు ఎక్కువగా.

రాజమ్మాళ్ ముఖం చూడాలి. మింగలేకపోయింది, కక్కలేకపోయింది. "నాలుగేండ్లుగా సామి గోడలో బాత్రూము నీళ్లా?" అంది. నాకు నవ్వు పొంగుకొచ్చి పెదవి కొరుక్కున్నాను. ఈశ్వరన్ నవ్వలేదు.

"కొళాయికి పోయే మంచి నీళ్ల పైపే అమ్మా, వేరే ఏమీ లేదు. పైపు బాగుచేస్తే గోడ ఆరిపోతాది. సామికి ఎవరి మీదా కోపం లేదు" అన్నాడు. అంత మెత్తగా ఎందుకు చెప్పాడో నాకు అర్థం కాలేదు. నేనైతే అలా చెప్పేవాణ్ని కాదు.

ప్లంబరు వచ్చి పైపు మార్చాడు. గోడ ఆరడానికి నెల పడుతుందని, అంతదాకా రంగు వేయొద్దని ఈశ్వరన్ గట్టిగా చెప్పాడు. అనుకున్న రోజుకే నిశ్చయం జరిగింది, ఆ ఒక్క గోడ వట్టి సిమెంటుతోనే. మగపెళ్లివాళ్లు రంగు పేరు అడిగితే రాజమ్మాళ్ "సందనం" అని గర్వంగా చెప్పింది. మరుసటి నెల, పంగునిలో, ఈశ్వరన్‌కు ఆమే కబురు చేసింది. అతను సామి గది మొత్తం గీకి, పుట్టీ పెట్టి, రెండు పూతలు వేశాడు. ఆమె గుమ్మంలో కూర్చుని, ఆ మూల సరిగ్గా పడలేదు, ఈ అంచు వంకరగా ఉంది అని ఒకటే సణుగుడట.

ఆ పని అయిన సాయంత్రం అంగడికి వచ్చాడు. టీ తెప్పించాను.

"ఎట్ల ఉండె ఈశ్వరా, లోపల?" అని అడిగాను.

"ఆరడుగులు, ఎనిమిదడుగులు. గోడలో ఒక మాడం, నాలుగు పటాలు, నూనె మరకలు." టీ గ్లాసు కింద పెట్టాడు. "చిన్నప్పటి నుంచి లోపల ఏందో ఉందనుకుంటిని అన్నా. ఏమీ లేదు. గది, అంతే. కోపం వచ్చె. ఎవరిమీదని కోపపడేది?"

అతను లేచి చొక్కా దులుపుకున్నాడు.

"మీ ఇంట్లో సామి గది ఎన్ని అడుగులుంటాదన్నా?"

మా ఇంటికి మూడుసార్లు రంగు వేసింది ఈశ్వరనే. మూడుసార్లూ సామి గది గడప ముందు డబ్బా పెట్టి వెళ్లాడు.

"ఎనిమిది, ఎనిమిది" అన్నాను.

తలాడించి వెళ్లిపోయాడు. అంగట్లో ఎవరూ లేరు, అయినా సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ ముసలామెకు పావుగంట పట్టింది. నాకు ముప్పై ఒక్క ఏళ్లు చాల్లేదు.