శనివారం సూది

నా చక్కెర వ్యాధికి దంతెవాడ డాక్టరు వారానికొక సూది రాశారు. పెద్ద పూజ రోజైతే మరచిపోనని శనివారం పెట్టుకున్నాను. ఆకలి తగ్గితే స్వామి దయ అనుకుని దండం పెట్టుకున్నాను. రెండో వారానికి పోపు వాసనకే కడుపులో తిప్పసాగింది. కూర్చోలేను, పడుకోలేను. వంటింటికీ పెరటికీ మధ్య తిరగడమే.

నెలకు మళ్ళీ వెళితే డాక్టరు కాగితాల్లోంచి తలెత్తకుండా హిందీలో ఏదో అడిగారు. చేపలు తింటావా అన్నట్టు వినపడింది. నేను బడికి పోలేదు. తెలుగు మా అమ్మ నేర్పింది, హిందీ భోపాలపట్నంలోని మా బట్టల కొట్టు నేర్పింది. మా ఇంట నీచు ముట్టం. “కభీ నహీ, డాక్టర్ సాబ్” అన్నాను, కొంచెం గర్వంగానే. ఆయన తృప్తిగా తలూపి మోతాదు పెంచారు.

ఆ శనివారం సూది వేసుకున్న మర్నాడు, రోజూలాగే నైవేద్యం పెట్టిన దద్దోజనం నోట్లో వేసుకోగానే పెరట్లోకి పరుగెత్తాను. ప్రసాదం కక్కుకున్న పాపం ఎక్కడ కడుక్కోను? సూది మానేద్దామనుకున్నాను. మానితే? ఇదే జబ్బుతో వచ్చిన మా అమ్మ కాలి పుండు చివరిదాకా మానలేదు. రెండు భయాల మధ్య నాలుగు రోజులు ఇల్లంతా తిరిగాను.

మా ఆయన చూసి అడిగారు. “గింత తిప్పుతుంటే డాక్టరుకు చెప్పలేదా?”

“ఆయన అడిగితే గదా. చేపలు తింటవా అన్నడు, ఎన్నడూ లేదన్న.”

“చేపలతోని ఆయనకేం పని? ఏమన్నడు, సక్కగ చెప్పు.”

“మఛలీ అన్నడు.”

మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. “మఛలీ కాదే, మిచలీ. అంటే వికారం. రెండు భాషలల్ల బేరం చేస్తవు, నీ కడుపు సంగతి ఒక్క దాంట్ల చెప్పకపోతివి.”

వెంటనే ఫోన్ చేశారు. డాక్టరు రమ్మన్నారు. ఈసారి అంతా చెప్పాను. ఈ సూదితో మొదట్లో చాలామందికి ఇలాగే అవుతుందట. మోతాదు మళ్ళీ పాతదే చేసి, నూనె తగ్గించి కొంచెం కొంచెంగా తినమన్నారు. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి గట్టిగా వచ్చినా ఆలస్యం చేయవద్దన్నారు.

మళ్ళీ శనివారం సూది వేసుకున్నాను. మర్నాడు పటం ముందు పెట్టిన దద్దోజనం అరచెంచా నోట్లో వేసుకుని, పెరటి తలుపు తీసిపెట్టుకునే కూర్చున్నాను. కాసేపు తిప్పింది. తగ్గింది. ఇంకో అరచెంచా తిన్నాను.