పైథాన్ అరవలేదు, నరేష్ చెప్పలేదు

బస్సు ఏ స్టాపుకి ఎంత ఆలస్యంగా వస్తుందో అంచనా వేసే పైథాన్ ప్రోగ్రాం, అమీర్‌పేట కోచింగ్‌లో నా ప్రాజెక్టు. వారంగా అంచనాకీ అసలు ఆలస్యానికీ సగటు తేడా దారుణంగా వస్తోంది. నా వల్ల కాదని నిన్న, గురువారం, మొత్తం డిలీట్ చేసేశాను.

ఈ రోజు మళ్లీ మొదలుపెడితే అదే తంతు. పక్క సిస్టమ్ నరేష్ వంగి చూశాడు.

"అక్కా, నీ అంచనాలు మంచిగనే ఉండె. తప్పు గీ తీసివేతల ఉన్నది."

అసలు ఆలస్యాలు నిలువు వరుసలో, అంచనాలు అడ్డు వరుసలో పెట్టాను. ఆకారాలు కలవకపోతే పైథాన్ రెండింటినీ సాగదీసి మరీ కలుపుతుందట! పంజాగుట్ట ఆలస్యంలోంచి పంజాగుట్ట అంచనా ఒక్కటే తీసేయాల్సింది పోయి, ఎర్రమంజిల్‌దీ, అమీర్‌పేటదీ, అన్నీ తీసేసి పెద్ద పట్టిక తయారుచేసి, దాని సగటు చూపించింది. కామా మర్చిపోతే ఎర్ర అక్షరాలతో అరిచేది, ఇక్కడ మాత్రం నోరు మెదపలేదు.

"ఇంత తొందరగా ఎలా పట్టావు నరేష్?"

"ఇప్పుడు కాదక్కా, సోమవారమే చూసిన. నువ్వు మస్తు కోపంగ ఉంటివి. ఎందుకులే అని ఊకున్న."

పైథాన్‌ని క్షమించేశాను. దానికి నా మొహం కనిపించదు కదా.

మీ పక్క సీట్లో ఎవరున్నారు? ఏం చూసి ఊరుకున్నారో ఒకసారి అడగండి. ఏదైనా డిలీట్ చేసే ముందే అడగండి.